ఏరియా ఆసుపత్రి సూపరింటెండెంట్ ఛార్జ్ తీసుకోవచ్చా? ఆరేళ్ళు చేసినవాడిగా నా మాట

మీరు అడిగింది ఇది: మీ అక్కగారు గైనకాలజిస్టు, కోనసీమలో ఒక ఏరియా ఆసుపత్రిలో చేస్తున్నారు. సూపరింటెండెంట్‌గారు రిటైరవుతుంటే ఛార్జ్ ఆవిణ్ణి తీసుకోమంటున్నారు. "సంతకాలు పెట్టే పనేగా, ఒప్పేసుకో" అని ఇంట్లో అంటున్నారు, ఆవిడకేమో భయంగా ఉంది.

నేను మత్తు డాక్టర్ని. డెల్టాలోనే ఒక ఏరియా ఆసుపత్రికి ఆరేళ్ళు సూపరింటెండెంట్‌గా చేసి రిటైరయ్యాను. ఆవిడ భయపడుతున్నారంటే నాకు ధైర్యంగా ఉంది. సంతకాల పనే అనుకుని కుర్చీలో కూర్చున్నవాళ్ళ చేతుల్లో వార్డులు ఏమవుతాయో దగ్గర్నుంచి చూశాను.

ముందు ఎవరి కింద ఏముందో చెప్తాను. పీహెచ్‌సీలు (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు) డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) కింద, కాకినాడ జీజీహెచ్ (ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి) లాంటి బోధనాసుపత్రులు డీఎంఈ (వైద్యవిద్య సంచాలకులు) కింద ఉంటాయి. మధ్యలో ఉన్న సీహెచ్‌సీలు (సామాజిక ఆరోగ్య కేంద్రాలు), ఏరియా ఆసుపత్రులు 1986 చట్టంతో వచ్చిన వైద్య విధాన పరిషత్ కింద ఉండేవి, ఇప్పుడు సెకండరీ హెల్త్ డైరెక్టరేట్ కిందికి వచ్చాయి. జిల్లాలో వాటికి పైన డీసీహెచ్‌ఎస్ (జిల్లా ఆసుపత్రుల సేవల సమన్వయాధికారి). మందులు ఏపీఎంఎస్‌ఐడీసీ (రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక వసతుల సంస్థ) నుంచి వస్తాయి. పారిశుద్ధ్యం, సెక్యూరిటీ ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీలవి. అంటే మందు కొనేది ఒకరు, ఊడ్చేవాళ్ళకి జీతమిచ్చేది ఒకరు, డాక్టర్ని వేసేది, బదిలీ చేసేది ఇంకొకరు. జనానికి జవాబు చెప్పుకోవాల్సింది మాత్రం మీ అక్కగారే.

ఇందులో నాకు అర్థమైంది ఒక్కటే. అర్ధరాత్రి దాటాక డ్యూటీ డాక్టరో, సిస్టరో చెయ్యి చాపితే అక్కడ ఉండాల్సిన వస్తువు ఉండాలి. అది ఉండేలా వారం ముందే, పగటిపూట చూసుకోవాల్సింది సూపరింటెండెంటు.

ఒక గాజు ట్యూబు సంగతి చెప్తాను. మా వైపు ఊడ్పులప్పుడూ కోతలప్పుడూ పాముకాట్లు ఎక్కువ. రక్తపింజరి కరిస్తే రక్తం గడ్డకట్టే గుణం పోతుంది. అది తేల్చడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. పొడిగా ఉన్న కొత్త గాజు ట్యూబులో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు నిలబెట్టి, ఆ తర్వాత వంచి చూడాలి. నీళ్ళలా జారితే యాంటీ వీనమ్ (పాము విషానికి విరుగుడు మందు) మొదలుపెట్టాలి, సాధారణంగా ముందు 10 వయల్స్ (చిన్న సీసాలు). ఒక ఏడాది కోతల్లో మా దగ్గర ఈ మందు ఎన్నడూ లేనంత తొందరగా అయిపోవడం మొదలైంది. స్టోర్‌లోంచి పోతోందేమోనని గుసగుసలు కూడా లేచాయి. క్యాజువాలిటీ రిజిస్టరు తెప్పించి చూస్తే దాదాపు అందరికీ "గడ్డకట్టలేదు" అని రాసి ఉంది. అంతమందికా?

ఆ రాత్రి వెళ్ళి క్యాజువాలిటీలో కూర్చున్నాను. పదకొండు దాటాక గోదావరి మధ్యనున్న లంక నుంచి ఒక కౌలురైతుని తీసుకొచ్చారు. కాలికి తువ్వాలు బిగించి కట్టేశారు, పక్కన భార్య వణికిపోతోంది. సిస్టర్ రక్తం తీసి ప్లాస్టిక్ ట్యూబులో పోసింది. గాజు తగిలితే రక్తం తొందరగా గడ్డకట్టడం మొదలవుతుంది, ప్లాస్టిక్‌లో ఆలస్యమవుతుంది. ఆలస్యమైతే విషం ఎక్కినట్టే కనిపిస్తుంది. అడిగితే, "గాజువి ఎప్పుడో అయిపోయాయండి, ఇండెంటు పెడితే ఇవే వచ్చాయండి" అంది. ఇండెంటంటే కావలసినవి అడుగుతూ పంపే చీటీ. ఆవిడ తప్పేం లేదు. ల్యాబ్ టెక్నీషియన్ని నిద్రలేపి అడిగితే పాత అలమరాలో వాడని గాజు ట్యూబులు నాలుగు దొరికాయి. ఒకదాంట్లో మళ్ళీ తీసి పెట్టాం. 20 నిమిషాలకి వంచితే రక్తం ముద్దలా అడుక్కి అంటుకుని ఉంది. గంటగంటకీ మళ్ళీ చూస్తూ అతన్ని పరిశీలనలో ఉంచాం. మందు అక్కర్లేకుండానే ఇంటికి వెళ్ళాడు. ఆ మందుకి రియాక్షన్ వస్తే ఒక్కోసారి ప్రాణం మీదకొస్తుంది, కాబట్టి అనవసరంగా ఎక్కించడం చిన్న తప్పు కాదు. అవసరమైనవాడు వచ్చేసరికి లేకపోవడం అంతకన్నా పెద్దది. మర్నాడు ఆసుపత్రి అభివృద్ధి నిధిలోంచి గాజు ట్యూబులు కొనిపించాను. వాటి ఖరీదు పెద్దదేం కాదు. మందుల నిల్వ లెక్కలు ఉండే ఈ-ఔషధిలో కంప్యూటర్ మందు తగ్గిందని చూపిస్తుంది. ఎందుకు తగ్గిందో మాత్రం రాత్రిపూట వార్డులో కూర్చుంటేనే తెలుస్తుంది.

రెండోది వరద. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షలకే ఇస్తారు, అదెంత నీరో మీరే ఊహించుకోండి. భద్రాచలంలో మట్టం పెరిగిందంటే ఆ నీరు మనదాకా రావడానికి సుమారు ఒక రోజు పడుతుంది. మన చేతిలో ఉండేది ఆ ఒక్క రోజే. రాజమండ్రి నుంచి వచ్చిపోయే డాక్టర్లని ఆసుపత్రిలోనే ఉండిపొమ్మన్నాను. డీజిల్ నింపించాను. పెద్ద సిలిండర్లు లెక్కపెట్టించాను. ఒక్కోదాంట్లో 7 క్యూబిక్ మీటర్ల ఆక్సిజన్, నిమిషానికి 10 లీటర్లు పెడితే 11 గంటలకి పైన వస్తుంది. ఆసుపత్రి వ్యర్థాలు 48 గంటలకు మించి ఉంచకూడదు, రోడ్డు మునిగితే వాటిని తీసుకెళ్ళే బండి రాదు. అందుకని అది ముందురోజే పంపించేశాం.

అన్నిటికన్నా ముఖ్యం, లంకల్లో పురిటికి దగ్గరపడ్డవాళ్ళ జాబితా. ఏఎన్‌ఎంలు, ఆశాలు ఇచ్చిన పేర్లు పట్టుకుని పడవల మీద తీసుకొచ్చాం. ఒకమ్మాయి రానంది. "గేదె ఈనడానికుందండీ, వదిలేసి ఎలా వచ్చేదండీ" అని. ఆ ఇంటికి గేదె ఎంతో నాకు తెలుసు, కోప్పడలేకపోయాను. గేదెని ఏటిగట్టు మీదకి తోలించే పూచీ ఆశా కార్యకర్త తీసుకున్నాకే ఆ అమ్మాయి పడవెక్కింది. రెండో రాత్రి బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గిపోతుంటే సిజేరియన్ చేయాల్సొచ్చింది, మత్తు నేనే ఇచ్చాను. అప్పటికి లంక చుట్టూ నీరే. ఆ ఒక్క రోజు పోగొట్టుకుని ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించలేను.

మీటింగులు, వీడియో కాన్ఫరెన్సులు, ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) క్లెయిములు, ఫేస్ హాజరు ఇవన్నీ ఉంటాయి, అలవాటైపోతాయి. అలవాటు కానిది మనుషుల కష్టం. ఒకసారి ఏజెన్సీ మూడు నెలలు జీతాలివ్వక పారిశుద్ధ్య సిబ్బంది పొద్దున్నే గేటు దగ్గర కూర్చుండిపోయారు. జీతం నా చేతిలో లేదు. కాగితాలు పట్టుకుని పైఆఫీసుకి నాలుగుసార్లు తిరిగాను, తిరుగుతున్నానన్నది వాళ్ళు చూశారు. ప్రసూతి వార్డు మాత్రం ఆ రోజు కూడా వాళ్ళే కడిగారు. నా గది నుంచి గేటుదాకా ఉన్న ఆ వంద గజాలూ వాళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళకుండా, గదిలోంచి మెమో ఇచ్చి ఉంటే ఆ పని జరిగేది కాదు.

ఇక అక్కగారికి. ఒప్పుకోమనే నా సలహా. కానీ ఆపరేషన్లు మానొద్దు. వారంలో రెండు రోజులైనా థియేటర్‌లో ఉంటే కుట్టు దారం నాణ్యత తగ్గిందన్న సంగతి ఎవరూ చెప్పకుండానే ఆవిడ చేతికే తెలుస్తుంది. ఛార్జ్ తీసుకునే రోజు తొందరపడొద్దు. జనరేటర్ బాగానే ఉందంటే మాట మీద నమ్మొద్దు, మెయిన్ ఆపించి థియేటర్ లైట్లు, ఆక్సిజన్ ప్లాంటు దాని మీద నడుస్తున్నాయో లేదో నిలబడి చూడమనండి. రక్తం ఫ్రిజ్ ఉష్ణోగ్రత పుస్తకం రోజూ రాస్తున్నారా, లేక నెలకొకసారి ఒకే సిరాతో నింపేస్తున్నారా చూడమనండి. స్టోర్‌లో పాముకాటు మందు, ఆక్సిటోసిన్ (కాన్పు తర్వాత రక్తస్రావం ఆపేది), మెగ్నీషియం సల్ఫేట్ (గర్భిణులకొచ్చే ఫిట్స్‌కి వాడేది) స్వయంగా లెక్కపెట్టాలి. రిజిస్టరుకీ అరకీ తేడా వస్తే ఆ తేడా ఛార్జ్ కాగితంలోనే రాయించి, పాత సూపరింటెండెంట్‌గారి చేత కూడా సంతకం పెట్టించుకున్నాకే తను పెట్టాలి. మర్నాడు చెప్తే ఆ లోటు ఆవిడదే అవుతుంది.