అన్ని ఖాతాలూ ఒకే యాప్‌లో

ప్రశ్న: వేర్వేరు బ్యాంకుల్లోని ఖాతాలన్నీ ఒకేచోట చూపే మొబైల్ యాప్ తయారు చేస్తున్నాను. వాడేవారి నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ తీసుకోవచ్చా? నెల ఖర్చు కూడా అసలుకన్నా ఎక్కువగా చూపిస్తోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పాస్‌వర్డ్ జోలికి అస్సలు వెళ్లకండి. అది బయటికి పొక్కితే పోయేది వాళ్ల కష్టార్జితం. మన దేశంలో దీనికి సరైన దారి అకౌంట్ అగ్రిగేటర్, అంటే ఖాతాదారు అనుమతితో బ్యాంకు వివరాలను చేరవేసే మధ్యవర్తి సంస్థ. రిజర్వ్ బ్యాంకు 2016లోనే నిబంధనలు ఇచ్చింది. ఖాతాదారు ఒప్పుకుంటే బ్యాంకు వివరాలను గుప్తలిపిలో పంపుతుంది, మధ్యనున్న అగ్రిగేటర్‌ వాటిని చదవలేదు. అయితే ఆ వివరాలు అందుకునే సంస్థ రిజర్వ్ బ్యాంకు, సెబీ లాంటి నియంత్రణ సంస్థ దగ్గర నమోదై ఉండాలి. మీకు ఆ అర్హత లేకపోతే, ఉన్న సంస్థతో ఒప్పందం కుదిరాకే కోడ్ మొదలుపెట్టండి.

అనుమతి తెరమీద ఏ వివరాలు, ఎందుకు, ఎన్నాళ్లు, ఎన్నిసార్లు తీసుకుంటారో తేట తెలుగులో రాయండి. రద్దు బటన్ దాచకండి. ఖాతాలను వెతికేది మొబైల్ నంబరుతో కాబట్టి, పాత నంబరుకు ముడిపడ్డ ఖాతా కనిపించదు. రెండో నంబరు చేర్చే వీలుంచండి.

ఇక ఖర్చు సంగతి. ఒక ఖాతా నుంచి తన సొంత ఖాతాకే 10,000 పంపితే, యాప్ ఒకచోట ఖర్చుగా, మరోచోట ఆదాయంగా లెక్కేస్తుంది. యూపీఐ అయితే రెండువైపులా 12 అంకెల రిఫరెన్స్ నంబరు సరిపోల్చి, ఆ జతను లెక్కలోంచి తీసేయండి. క్రెడిట్ కార్డు బిల్లు చెల్లింపుదీ ఇలాంటి తంటానే: కొన్నప్పుడు ఒకసారి, బిల్లు కట్టినప్పుడు మరోసారి ఖర్చుగా పడుతుంది. కూడికల్లో తేడా రాకుండా సొమ్మును దశాంశాల్లో కాక పైసల్లో, పూర్ణాంకంగా భద్రపరచండి. ఖాతాలోని నిల్వ పక్కనే అది ఏ సమయానిదో చూపండి.