సైనిక రక్షకులు కథానాయకులుగా ప్రేమ నవలలు రాస్తానంటే నర్సింగ్ చదువు మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి నాలుగేళ్ళ నర్సింగ్ డిగ్రీలో మూడో సంవత్సరం చదువుతోంది. మార్కులు బాగానే వస్తున్నాయి. అయితే కొంతకాలంగా ఇంగ్లీషులో ఒక ప్రేమ నవల రాస్తోంది. యుద్ధభూమిలో, సముద్రంలో చిక్కుకున్నవారిని కాపాడే అమెరికా సైనిక రక్షకులే అందులో నాయకులు. ఇప్పుడు చదువు ఆపేసి పూర్తికాలం రచన చేస్తానంటోంది. అది కుదరకపోతే అనుభవం కోసం సైనిక నర్సింగ్ సర్వీసులో చేరతానంటోంది. ప్రేమ నవలలు రాయడం ఒక వృత్తి అవుతుందా? దాని మీద బతకగలదా? మారుపేరుతో రాస్తానంటోంది, దానివల్ల చిక్కులేమైనా ఉంటాయా? — ఒక తండ్రి

జవాబు: అయ్యా, మీ మొదటి ప్రశ్నలో కాస్త మొహమాటం కూడా కనిపించింది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. ప్రేమ నవలా రచన నిస్సందేహంగా వృత్తే. లండన్‌లో 1908లో మొదలైన మిల్స్ అండ్ బూన్‌నూ, కెనడాలో 1949లో మొదలై 1971లో ఆ సంస్థను కొనుగోలు చేసిన హార్లెక్విన్‌నూ దశాబ్దాలపాటు నిలబెట్టింది ఈ నవలలే. 2014లో హార్లెక్విన్‌ను హార్పర్‌కాలిన్స్ కొనుక్కున్నదీ వాటి పాఠకులను చూసే. అమెరికాలో 1980లో ఏర్పడిన ప్రేమ నవలాకారుల సంఘం ఈ ప్రక్రియకు రెండే షరతులు చెప్పింది: కథకు కేంద్రం ప్రేమ అయి ఉండాలి, ముగింపు పాఠకురాలి మనసుకు తృప్తినీ ఆశనూ ఇవ్వాలి. వినడానికి ఇవి తేలికగానే ఉంటాయి. కాని ముగింపు ముందే తెలిసిన కథను చివరి పేజీదాకా ఉత్కంఠతో చదివించడం ఎంత కష్టమో రాయడానికి కూర్చున్నవారికే తెలుస్తుంది. కాబట్టి మీ అమ్మాయి ఎంచుకున్న పని గురించి బంధువుల ముందు తలవంచుకోవలసిన అవసరం మీకు లేదు.

అయినా చదువు మాన్పించవద్దనే నా సలహా. ఉద్యోగం చేతిలో ఉంటే మంచిదన్న మామూలు కారణం ఒక్కటే అయితే ఇంత గట్టిగా చెప్పేవాణ్ణి కాను. ఆమె రాస్తున్న నాయకులకు ఆమె చదువుతున్న చదువే మూలధనం అన్నది అసలు కారణం. అమెరికా వైమానిక దళంలోని పారారెస్క్యూ దళం తన పుట్టుకను 1943 ఆగస్టు నాటి ఒక ఘటనతో ముడిపెట్టుకుంటుంది. బర్మా అడవుల మీదుగా వెళ్తున్న రవాణా విమానం ఒకటి చెడిపోగా అందులోనివారు పారాచూట్లతో కొండల్లోకి దూకారు; గాయపడిన వారికి చికిత్స చేయడానికి డాన్ ఫ్లికింజర్ అనే సైనిక వైద్యుడు, ఇద్దరు వైద్య సహాయకులు వాళ్ళ దగ్గరికి పారాచూట్లతోనే దిగారు. అంటే ఆ సంప్రదాయానికి మొదట చేతిలో ఉన్నది మందులపెట్టె. తుపాకీ ఆ తర్వాతి మాట. నేటి పారారెస్క్యూ సైనికులు పారాచూట్ దూకడం, నీటి అడుగున ఈదడం, శత్రుప్రాంతంలో తప్పించుకు బతకడం నేర్చుకుంటూనే అత్యవసర చికిత్స చేసే పారామెడిక్‌గానూ అర్హత సాధించాలి. ఆ శిక్షణ మొత్తం పూర్తి కావడానికి సుమారు రెండేళ్ళు పడుతుంది. ‘ఇతరులు బతకడం కోసం’ అన్నది వారి నినాదం.

ఆ దళంలోని విలియం పిట్సెన్‌బార్గర్ గురించి మీ అమ్మాయి ఇప్పటికే చదివి ఉంటుంది, చదవకపోతే చదవమనండి. 1966 ఏప్రిల్ 11న వియత్నాంలో శత్రువుల ముట్టడిలో చిక్కుకున్న పదాతిదళం మధ్యకు అతను హెలికాప్టర్ నుంచి దిగాడు. గాయపడిన తొమ్మిదిమందిని పైకి పంపించాడు. తనకు వెళ్ళిపోయే అవకాశం ఉన్నా కిందే ఉండిపోయి, క్షతగాత్రులకు చికిత్స చేస్తూ, మిగిలిన వారికి తూటాలు అందిస్తూ ఆ సాయంత్రమే చనిపోయాడు. అప్పటికి అతని వయసు 21. అమెరికా అత్యున్నత శౌర్య పురస్కారమైన మెడల్ ఆఫ్ ఆనర్ అతనికి 2000 డిసెంబరులో, మరణానంతరం దక్కింది. మన విషయానికి ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది: సైన్యం నుంచి బయటికి వచ్చాక నర్సు కావాలని అతను అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి దరఖాస్తు చేసుకున్నాడు. మీ అమ్మాయి వదిలేస్తానంటున్నది అతను చేరాలనుకున్న చదువునే.

సముద్ర రక్షకుల విషయంలోనూ అంతే. 1983 ఫిబ్రవరి 12న వర్జీనియా తీరానికి దూరంగా మెరైన్ ఎలక్ట్రిక్ అనే బొగ్గు రవాణా నౌక మునిగినప్పుడు అందులోని 34 మందిలో ముగ్గురే బతికారు. కోస్ట్ గార్డ్ హెలికాప్టర్ వచ్చి బుట్ట కిందికి దించింది గాని, చలికి శరీరాలు స్వాధీనం తప్పిన మనుషులు అందులోకి ఎక్కలేకపోయారు. నీళ్ళలోకి దిగి పట్టుకుని ఎక్కించే మనిషి ఉండాలన్న సంగతి ఆ ప్రమాదం బయటపెట్టింది. 1984లో అమెరికా కాంగ్రెస్ ఆదేశంతో కోస్ట్ గార్డ్‌లో రక్షక ఈతగాళ్ళ విభాగం ఏర్పడింది. చల్లటి నీటిలో వేళ్ళు ఎంత త్వరగా పట్టు కోల్పోతాయో, శరీర ఉష్ణోగ్రత పడిపోతున్నకొద్దీ మనిషి మాట ఎలా ముద్దవుతుందో, ఒడ్డుకు చేరాక కూడా గుండె ఎందుకు లయ తప్పవచ్చో నర్సింగ్ విద్యార్థినికి పాఠాల్లోనే దొరుకుతాయి. మామూలు రచయిత్రి ఇవన్నీ తెలిసినవారి కోసం వెతుక్కుంటూ తిరగాలి.

ఈ రకం కథల తొలి ప్రతుల్లో తరచుగా కనిపించే లోపమూ ఇక్కడే ఉంది. నాయకుడి భుజాల వెడల్పు మీద రెండు పేజీలు ఉంటాయి, అతను చేసే పని మీద రెండు వాక్యాలు ఉంటాయి. నిజమైన రక్షకుడు గాయపడినవాడి దగ్గరికి చేరగానే మొదట ఎక్కువగా పోతున్న రక్తాన్ని ఆపుతాడు, తర్వాత శ్వాసమార్గం, ఊపిరి, రక్తప్రసరణ చూస్తాడు, ఆపైన శరీరం చల్లబడకుండా కప్పుతాడు. కాల్పులు ఆగకపోతే ముందు కాల్పుల సంగతి చూసుకుంటాడు. ఆ వరుస తెలిసిన రచయిత్రికి ఉత్కంఠ కోసం పేలుళ్ళు అక్కరలేదు, గడియారం చాలు. అఫ్గానిస్తాన్‌లో తీవ్రంగా గాయపడినవారిని 60 నిమిషాల్లో చికిత్సాకేంద్రానికి చేర్చాలని 2009లో అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ ఆదేశించారు. ఆ గంటలోని ఒక్కొక్క నిమిషాన్నీ ఒక్కొక్క పేరాగా రాసుకుంటూ పోతే ఒక అధ్యాయం తయారవుతుంది.

ప్రేమ విషయంలో ఇంకో చిక్కు ఉంది, ఇది కెరీర్ సలహాదారు మాట్లాడవలసిన సంగతి కాకపోయినా చెప్పకుండా ఉండలేను. ప్రాణం కాపాడినవాడి మీద పుట్టేది మొదట కృతజ్ఞత. దాన్నే ప్రేమ అని చూపిస్తే నాయిక చిన్నదైపోతుంది. రోగికీ చికిత్స చేసేవారికీ మధ్య ఉండవలసిన హద్దుల గురించి నర్సింగ్‌లో పాఠం ఉంటుంది కదా, ఆ పాఠాన్నే కథలో ప్రశ్నగా పెట్టమనండి: వాళ్ళిద్దరూ సమానులుగా మళ్ళీ ఎప్పుడు, ఎక్కడ కలుసుకున్నారు? అలాగే యుద్ధం తర్వాత నాయకుణ్ణి వెంటాడే పీడకలలు నాయిక ప్రేమతో ఒక రాత్రిలో మాయమయ్యాయని రాయకూడదు. చికిత్స, సమయం, మళ్ళీ తిరగబెట్టే రోజులు ఉంటాయి. వాటన్నిటి మధ్య నిలిచిన బంధానికే ఆ ప్రక్రియ కోరే ఆశావహమైన ముగింపు ఒప్పుతుంది.

అనుభవం కోసం సైనిక నర్సింగ్‌లో చేరడమన్న ఆలోచనను మాత్రం గట్టిగానే వద్దంటాను. సైన్యంలో సేవ చేయాలన్న కోరిక ఉంటే అది గౌరవించవలసిన నిర్ణయం, దాని గురించి విడిగా మాట్లాడుకుందాం. నవలకు సామగ్రి కోసం చేరడం మాత్రం ఆ సేవకూ మంచిది కాదు, నవలకూ మంచిది కాదు. ఒకసారి సంతకం చేశాక ఏళ్ళ తరబడి ఒప్పందానికి కట్టుబడాలి, బదిలీలు ఆమె చేతిలో ఉండవు, పైగా సర్వీసులో చూసినదాన్ని ఇష్టమొచ్చినట్టు ప్రచురించే స్వేచ్ఛ కూడా ఉండదు. పరిశోధనకు అంతదూరం వెళ్ళనక్కరలేదు. శౌర్య పురస్కారాల ప్రశంసాపత్రాలు, ప్రమాదాల విచారణ నివేదికలు, మాజీ రక్షకుల జ్ఞాపకాలు బహిరంగంగానే దొరుకుతాయి. మాజీ సైనికులతో మాట్లాడే అవకాశం వస్తే ఆపరేషన్ల వివరాలు అడగకూడదు, వాళ్ళు చెప్పరు, చెప్పకూడదు కూడా. బూట్లలో నీళ్ళు చేరితే ఏం చేస్తారు, హెలికాప్టర్ హోరులో ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారు, ఇంటికి తిరిగివచ్చిన మొదటి వారం నిద్ర ఎలా ఉంటుంది, ఇలాంటివి అడగాలి. చదువులో భాగంగా అత్యవసర విభాగంలో పనిచేసే అవకాశం వస్తే అక్కడ ఎక్కువ రోజులు ఉండమనండి. అయితే అక్కడి రోగుల వివరాలేవీ, పేరు మార్చి కూడా, నవలలోకి రాకూడదు.

ఇక బతుకుతెరువు. ఇందులో రెండు దారులున్నాయి. పెద్ద ప్రచురణ సంస్థల దారిలో సాధారణంగా, రచయిత తరఫున సంస్థతో మాట్లాడే ఏజెంటు ద్వారా వెళ్ళాలి. ఏజెంటు రచయిత్రి ఆదాయంలో 15 శాతం తీసుకుంటాడు, ముందుగా చదివే రుసుమంటూ ఏమీ అడగడు. ఈ-పుస్తకాల మీద సంస్థకు వచ్చే నికర ఆదాయంలో 25 శాతం రచయిత్రికి రాయల్టీగా ఇవ్వడం అక్కడ వాడుక, లెక్కలు తరచుగా ఆరు నెలలకోసారి వస్తాయి. రెండోది స్వయం ప్రచురణ. అమెజాన్ 2007లో తెచ్చిన కిండిల్ ప్రచురణ వేదికలో, అమెరికా విపణిలో 2.99 నుంచి 9.99 డాలర్ల మధ్య ధర పెట్టిన ఈ-పుస్తకానికి 70 శాతం, మిగతా ధరలకు 35 శాతం రాయల్టీ వస్తుంది. 4.99 డాలర్ల పుస్తకం వెయ్యి ప్రతులు అమ్ముడైతే 3,500 డాలర్లకు కాస్త తక్కువ చేతికి వస్తుంది. అందులోంచి ఎడిటర్‌కూ, కవర్ వేసినవారికీ, ప్రకటనలకూ పోగా మిగిలిందే ఆదాయం. నెల చందాతో చదివే కిండిల్ అన్‌లిమిటెడ్‌లో పెడితే చదివిన పేజీకి అర సెంటుకన్నా తక్కువే వస్తుంది, పైగా 90 రోజుల పాటు ఆ ఈ-పుస్తకాన్ని మరెక్కడా అమ్మకూడదు. మీరే డబ్బు కట్టండి, మేం ప్రచురిస్తామనే సంస్థ ఎదురైతే అక్కడితో మాట ముగించండి. ప్రచురణకర్త రచయితకు ఇవ్వాలి, రచయిత దగ్గర తీసుకోకూడదు.

ఈ లెక్కల్లోంచి తేలేది ఏమిటంటే, ఒక్క నవలతో ఈ వృత్తి నిలబడదు. ప్రేమ నవలల పాఠకులు ఒక పుస్తకం నచ్చితే అదే రచయిత్రి రాసినవన్నీ వరుసగా చదువుతారు. కాబట్టి కొత్త పుస్తకం ఎంత అమ్ముడవుతుందో, పాత పుస్తకాలకు ఎంత ఊపిరి పోస్తుందో రెండూ చూడాలి. ఈ విషయంలో మీ అమ్మాయి ఎంపిక తెలివైనది. రక్షకులు దళంగా పనిచేస్తారు. మొదటి నవలలో నాయకుడి పక్కన నిలబడ్డ సహచరుడు రెండో నవలకు నాయకుడవుతాడు, హెలికాప్టర్ నడిపే మహిళా పైలట్ మూడో నవలకు నాయిక అవుతుంది. మొదటి పుస్తకం పూర్తికాకముందే ఈ మూడింటి స్థూల రూపం రాసి పెట్టుకోమనండి. ఇలాంటి నవల తరచుగా 50 వేల నుంచి 75 వేల మాటల మధ్య ఉంటుంది. వారానికి ఐదు రోజులు, రోజుకు 500 మాటలు రాస్తే 60 వేల మాటల తొలి ప్రతికి 24 వారాలు పడుతుంది, దిద్దడానికి ఇంకా అంత సమయం కేటాయించాలి. డిగ్రీ ముగిసేనాటికి చేతిలో ఒక పూర్తి నవల, సగం రాసిన రెండోది ఉండటం అసాధ్యమేమీ కాదు. పరీక్షల నెలల్లో రాత ఆగిపోతే ఆగనివ్వండి.

రచనే పూర్తికాల వృత్తి ఎప్పుడు కావచ్చని ఆమె అడుగుతుంది. నా కొలత ఇది: కనీసం మూడు పుస్తకాలు వెలువడి, వరుసగా రెండేళ్ళు రాయల్టీలే ఆమె ఖర్చులకు సరిపోయి, ఆపైన ఒక సంవత్సరం గడిచేంత పొదుపు చేతిలో ఉన్నప్పుడు. ఈ ఆదాయం నెల జీతంలా రాదు. విడుదలైన నెలలో ఎగసి, తర్వాత దిగిపోతుంది. నర్సింగ్‌లో షిఫ్టులు తగ్గించుకుని పనిచేసే వీలు చాలాచోట్ల ఉంటుంది కనుక ఆమె ఒక్కసారిగా గెంతనక్కరలేదు, మెల్లగా మారవచ్చు. మీరు చేయగలిగిన సహాయం కూడా ఒకటుంది: రాసే గంటన్నర ఇంట్లో ఎవరూ పిలవకుండా చూడండి. ఆమె రాతప్రతి చదువుతానని మాత్రం అడగకండి. తండ్రి చదువుతాడన్న ఆలోచన ప్రేమ సన్నివేశాలను బిగుసుకుపోయేట్టు చేస్తుంది.

మారుపేరు ఈ రంగంలో సర్వసాధారణం, న్యాయపరంగా అడ్డంకి లేదు. పుస్తకం మీద ఏ పేరున్నా ఒప్పందం, బ్యాంకు ఖాతా, పన్ను పత్రాలు అసలు పేరుతోనే ఉండాలి. అమెరికాలో కాపీరైటు నమోదు చేసేటప్పుడు అసలు పేరు కూడా వెల్లడిస్తే రచయిత్రి జీవితకాలం, ఆపైన 70 ఏళ్ళ రక్షణ వర్తిస్తుంది. వెల్లడించకపోతే ప్రచురణ నుంచి 95 ఏళ్ళు, లేదా రచన నుంచి 120 ఏళ్ళు, వీటిలో ఏది ముందు ముగుస్తుందో అంతవరకే. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. మారుపేరుతో పాటు మాజీ సైనికురాలినన్న కల్పిత పరిచయం తగిలించుకోకూడదు. ఈ నవలల పాఠకుల్లో సైనికులు, వారి భార్యలు, భర్తలు చాలామంది ఉంటారు. ఒక వివరం తప్పుపోతే ఉత్తరం రాసి సరిదిద్దుతారు గాని, చేయని సేవను చేసినట్టు చెప్పుకున్న రచయిత్రి పుస్తకం మళ్ళీ ముట్టుకోరు. ప్రచురణ ఒప్పందం ఏదైనా చేతికి వస్తే, హక్కులు ఎన్నేళ్ళకు ఇస్తున్నారో, పుస్తకం అమ్మకాలు ఆగిపోయాక అవి తిరిగి ఆమెకు ఎప్పుడు వస్తాయో చెప్పే నిబంధనలను సంతకానికి ముందు న్యాయవాదికి చూపించండి.