కుష్టుకు మందులు పూర్తయ్యాక కూడా నాన్న కాలి పుండు ఎందుకు మానట్లేదు?

మీ నాన్నగారు చెన్నై రెడ్‌హిల్స్‌లో సెక్యూరిటీ పని చేస్తారని, కుష్టుకు 12 నెలల మందు వాడినా బొటనవేలి కింద పుండు మానినట్టే మాని మళ్ళీ లేస్తోందని రాశారు. జబ్బు తిరగబెట్టిందేమోనని అమ్మ ఆయన కంచం వేరు చేశారని కూడా రాశారు. నేను డాక్టర్ని కాను. ఇదే జబ్బు నాకూ వచ్చింది. మాది గూడూరు దగ్గర పల్లె, పెళ్ళయ్యాక వ్యాసర్పాడి వచ్చాం. కర్రీ పాయింట్‌లో వంట చేస్తాను.

ముందు ఆ కంచం సంగతి. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇంకొకరికి అంటించే గుణం పోతుంది. ఆయన కోర్సంతా పూర్తి చేశారు. అందరితో పాటే కూర్చోబెట్టి అన్నం పెట్టమనండి. నన్ను విడిగా కూర్చోబెట్టిన రోజులు నాకు పుండు కంటే ఎక్కువ గుర్తున్నాయి.

ఇక పుండు. చాలామటుకు ఇది జబ్బు తిరగబెట్టడం కాదు. మందు క్రిమిని చంపుతుంది గానీ దెబ్బతిన్న నరాన్ని బాగుచెయ్యదు. మన చెప్పులో రాయి దూరితే రెండు అడుగులు వేసేలోపే తీసేస్తాం. పాదంలో స్పర్శ లేని మనిషికి సాయంత్రం చెప్పు విప్పేదాకా తెలియదు. గంటల తరబడి నిలబడితే బరువంతా ఆ ఒక్క చోటే పడి లోపల కండ నలుగుతుంది. నొప్పి ఉండదు కాబట్టి దాని మీదే నడుస్తారు, అది మానదు.

నాకీ సంగతి పెనం దగ్గర తెలిసింది. దోసెలు పోస్తుంటే ఏదో కమురు వాసన వచ్చింది. మసిగుడ్డ అంటుకుందేమో అని చూస్తే, నా చిటికెన వేలే పెనం అంచుకు ఆని కాలుతోంది. అప్పటికే ముంజేతి మీద మచ్చకు ఒక క్లినిక్‌లో ఎలర్జీ అని ఎనిమిది నెలలు ఆయింట్‌మెంట్ ఇచ్చారు. ప్రభుత్వాసుపత్రిలో డాక్టరమ్మ మోచేయి లోపలి పక్క, తగిలితే కరెంటు కొట్టినట్టుండే ఆ నరాన్ని తడిమి, తాడులా లావెక్కిందని చెప్పింది. స్టెరాయిడ్ మాత్రలు, వ్యాయామాలు మొదలుపెట్టారు. ఉంగరం వేలు చాలావరకు చాపుకోగలిగాను. చిటికెన వేలు వంకరగానే ఉండిపోయింది. నరం దెబ్బతిన్న 6 నెలల లోపు వైద్యం మొదలైతే బలం తిరిగొచ్చే అవకాశం బాగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

ఇది మీకెందుకు చెబుతున్నానంటే, మందు కోర్సు అయిపోయాక కూడా రియాక్షన్ రావచ్చు, అంటే చచ్చిన క్రిముల మీద ఒళ్ళు తిరగబడి మచ్చలు, నరాలు వాయడం. పాత మచ్చలు ఎర్రగా ఉబ్బినా, మోచేయి దగ్గర నొప్పి పుట్టినా, కొత్తగా తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకుండా ఈడ్చినట్టు నడిచినా, కన్ను పూర్తిగా మూతపడకపోయినా, కన్ను ఎర్రబడినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. స్టెరాయిడ్ మాత్రం మీరే మెడికల్ షాపులో కొని వాడకండి. షుగర్, బీపీ చూసి, మోతాదు నెమ్మదిగా తగ్గిస్తూ నెలల తరబడి ఇవ్వాల్సిన మందు అది.

పాదానికి రోజూ ఇలా చెయ్యండి. రాత్రి పని నుంచి రాగానే పాదం తిప్పి వెలుతురులో చూడాలి. ఆయన వంగలేకపోతే మీరు చూడండి, లేదా నేల మీద అద్దం పెట్టండి. ఎర్రగా ఉన్నచోటు, వేడిగా తగిలేచోటు ఉంటే అక్కడే రేపు పుండు లేస్తుంది. మామూలు నీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెట్టాలి. వేడి నీళ్ళు అస్సలు వద్దు, కాలినా ఆయనకు తెలియదు. నానాక గట్టిపడిన చర్మాన్ని గరుకు రాయితో మెల్లగా రుద్ది, తడి ఆరకముందే కొబ్బరినూనె రాయండి, పుండులో మాత్రం కాదు. బ్లేడు జోలికి పోవద్దు. పుండును శుభ్రం చేసి ఉతికిన గుడ్డ కట్టండి. చీము, వాసన, జ్వరం, వాపు ఉంటే ఇంట్లో పెట్టుకోకండి.

ఇన్ని చేసినా, దాని మీద నడుస్తూ ఉంటే మానదు. ఆ కాలికి విశ్రాంతే అసలు మందు. సూపర్‌వైజర్‌కు జబ్బు పేరు చెప్పక్కర్లేదు. కాలికి పుండు, డాక్టరు కూర్చోమన్నారు అని ఒక కుర్చీ అడగండి. హవాయి చెప్పులు మాన్పించి ఎం.సి.ఆర్. చెప్పులు తొడిగించండి. లోపల మెత్తటి రబ్బరు, కింద ముల్లు దిగని గట్టి అట్ట, మడమ వెనక పట్టీ ఉంటాయి, మేకులుండవు. కుష్టు కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇస్తారు, అడగండి.

వేళ్ళు జబ్బువల్ల వాటంతటవే రాలిపోతాయని మా ఊళ్ళో ఇప్పటికీ అంటారు. స్పర్శ లేని చేతులకు, కాళ్ళకు తగిలే దెబ్బలు, కాలిన గాయాలు, వాటిలో చేరే చీము వల్లే అలా అవుతుందని 1940ల చివర్లో మన వేలూరులో పాల్ బ్రాండ్ అనే సర్జన్ గమనించారు. వంగిన వేళ్ళకు కండర తాడు మార్చి ఆపరేషన్ చేసే పద్ధతీ ఆయన అక్కడే మొదలుపెట్టారు. ఇప్పుడు వేలూరు దగ్గరి కరిగిరి కుష్టు ఆసుపత్రిలోనూ, చెంగల్పట్టు దగ్గర తిరుమణిలో ఉన్న కేంద్ర కుష్టు సంస్థలోనూ ఈ వైద్యం దొరుకుతుంది. బీచ్ స్టేషన్ నుంచి చెంగల్పట్టుకు లోకల్ రైలుంది.

నేనిప్పుడు పెనాన్ని చెక్కపిడి అట్లకాడతో, మందపాటి గుడ్డతోనే ముట్టుకుంటాను. పడుకునే ముందు రెండు చేతులూ లైటు కింద చూసుకుంటాను. 2016 వికలాంగుల చట్టంలో కుష్టు నయమైనవాళ్ళనూ చేర్చారు, నాన్నగారికి వికలాంగుల కార్డు కోసం కూడా కనుక్కోండి.

ఆయనకు షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే దానివల్లా పుండు మానదు. రేపు ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ముందు ఆ పరీక్ష చేయించి, ఎంతొచ్చిందో ఇక్కడ రాయండి.