తాతగారి పెట్టెలో పటాలం బిళ్ళలు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఇల్లు పడగొట్టి కట్టుకుంటుంటే అటక మీద తాతగారి రేకు పెట్టె దొరికింది. అందులో మూడు బిళ్ళలున్నాయి. ఒకటి ఆరు కోణాల పసుపు నక్షత్రం, రెండోది వెనక ఇండియా మ్యాపు ఉన్న తెల్లటి మెడల్, మూడోది నల్లబడిన వెండి మెడల్, దాని మీద గుర్రమెక్కిన మనిషి, 1914, 1918 అంకెలు. తాతగారు రంగం (బర్మాలోని రంగూన్) వైపు యుద్ధానికి వెళ్ళారని నాయనమ్మ చెప్పేది. ఆయన 1920లో పుట్టారు. తోమించి ఫ్రేము కట్టిద్దామనుకుంటున్నాం, చేయవచ్చా? (పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ముందు ఆ తోమడం ఆపండమ్మా, మిగతావన్నీ తర్వాత. మా పెదనాన్నగారింట్లో ఇలాంటి వెండి మెడలే ఒకటి ఉండేది, ప్రతి దసరాకీ ఆయుధపూజలో పెట్టేముందు చింతపండూ ముగ్గుపిండీ వేసి పరపరా తోమేవాళ్ళు, అద్దంలా మెరిసేది. నేను పెద్దయ్యాక దాని అంచు చూస్తే నంబరులో మొదటి రెండంకెలు, పేరులో రెండక్షరాలు మిగిలాయి, అంతే. ఆయన ఏ పటాలంలో పనిచేశారో చెప్పే రాత మొత్తం మా చేతులతోనే చెరిపేసుకున్నాం. ఇప్పటికీ తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

మీ మూడోది సరిగ్గా అదే మెడల్, మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాళ్ళకి ఇచ్చింది. రెండో వైపు ఐదో జార్జి తల ఉంటుంది చూడండి. 1920లో పుట్టిన మీ తాతగారిది అయ్యే వీలు లేదు కాబట్టి ఆయన నాన్నగారిదో, పెద్దవాళ్ళలో ఇంకెవరిదో అయి ఉండాలి. ఎవరిదన్నది మెడల్ అంచు మీదే ఉంటుంది: నంబరు, హోదా, పేరు, యూనిట్ చిన్న ఇంగ్లిషు అక్షరాల్లో చెక్కి ఇచ్చేవారు. పొద్దుటి ఎండలో కిటికీ దగ్గర కూర్చుని మెడల్‌ని పక్కకి వాల్చి మెల్లగా తిప్పండి, వెలుగు ఏటవాలుగా పడితే మామూలుగా కనపడని గీతలు కూడా పైకి లేస్తాయి. 'ఎస్. అండ్ ఎం.' అని ఉంటే శాపర్స్ అండ్ మైనర్స్, అంటే వంతెనల, కందకాల పనిచేసేవాళ్ళు. బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ శాపర్లలో తెలుగువాళ్ళు బాగానే ఉండేవారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా పర్లాకిమిడి మద్రాసు రాష్ట్రంలోదే కదా, కాబట్టి ఆనాటి మనిషి పేరు పక్కన మద్రాసు పటాలం కనపడితే ఆశ్చర్యపోకండి.

నక్షత్రం మధ్యలో కిరీటం చుట్టూ 'ది బర్మా స్టార్' అని ఉందేమో చదవండి. ఉంటే నాయనమ్మగారి మాట నిజమే. 1941 డిసెంబరు 11 నుంచి 1945 సెప్టెంబరు 2 మధ్య బర్మా పోరులో పనిచేసినవాళ్ళకి ఇచ్చిందది. మ్యాపు ఉన్నది ఇండియా సర్వీస్ మెడల్, ఇక్కడే మూడేళ్ళ ఉద్యోగానికి. ఈ రెండూ ఉన్నాయంటే వార్ మెడల్ కూడా వచ్చి ఉండాలి, ఎందుకంటే దానికి ఇరవై ఎనిమిది రోజుల పని సరిపోయేది. దాని మీద సింహం రెండు తలల డ్రాగన్ మీద నిలబడి ఉంటుంది, పెట్టె అడుగున వేసిన కాగితం కింద వెతకండి, లేకపోతే అన్నదమ్ములు పంచుకున్నప్పుడు ఏ బాబాయిగారింటికో వెళ్ళిందేమో అడగండి. రెండో యుద్ధపు నక్షత్రాల మీద పేర్లు చాలావరకు ఉండవు, అందుకని డిశ్చార్జి సర్టిఫికెట్ దొరికితే అది మెడల్ కన్నా విలువైనది. పెట్టెలోని చిత్తుకాగితాలు ఒక్కటీ పారేయకండి. నక్షత్రాన్ని మెత్తటి పొడి గుడ్డతో అద్ది వదిలేయండి, చిలుము పట్టినా సరే. ఫ్రేములో జిగురు వాడనివ్వకండి, వెనక వైపు కూడా కనపడేలా కట్టించండి. ఇంకోటి, వెండిది నూరేళ్ళు దాటిన వస్తువు, 1972 పురావస్తువుల చట్టం ప్రకారం దాన్ని విదేశాలకి అమ్మకూడదు, ఎవరైనా ఆశపెడితే లొంగకండి.

ప్రశ్న: బరంపురంలో పాత సామాన్ల కొట్లో ఏనుగు బొమ్మ ఉన్న టోపీ బ్యాడ్జీ కొన్నాను. నక్షత్రం, మధ్యలో బూర, పైన కిరీటం, కింద ఏనుగు. మద్రాస్ రెజిమెంట్‌దేనా? (రాయగడ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: కాదు బాబూ, ఏనుగు కనపడగానే అందరూ అలాగే అనుకుంటారు. నువ్వు చెప్పిన పోలికలన్నీ హైలాండ్ లైట్ ఇన్‌ఫాంట్రీ అనే స్కాట్లాండ్ పటాలానివి. 1803 సెప్టెంబరు 23న ఇప్పటి మహారాష్ట్ర జాల్నా జిల్లాలోని అస్సాయే దగ్గర మరాఠాలతో జరిగిన యుద్ధంలో తర్వాత ఆ పటాలంలో భాగమైన 74వ హైలాండర్లూ, మద్రాసు సిపాయిలూ ఒకే వైపు పోరాడారు, అందుకే ఇద్దరికీ ఏనుగు గుర్తుగా దక్కింది. మద్రాస్ రెజిమెంట్‌దైతే ఏనుగు డాలు మీద, వెనక రెండు కత్తులు అడ్డంగా ఉంటాయి. కిరీటం బదులు అశోకుడి సింహాలుంటే 1950 తర్వాతిది.

అసలుదో కాదో చూడాలంటే వెనక్కి తిప్పు. అచ్చుతో కొట్టిన బ్యాడ్జీకి ముందున్న బొమ్మ వెనక గుంటగా దిగి ఉంటుంది. పోతపోసిన నకిలీకి వెనక చదునుగా, ఇసుక రాసినట్టు గరుకుగా ఉండి అక్కడక్కడ సూదిమొన చిల్లులు కనిపిస్తాయి. కొట్టువాడు ఏం చెప్పినా నువ్వు నమ్మాల్సింది ఆ వెనక వైపునే.

ప్రశ్న: మా ఇంట్లో గుండ్రటి ఇత్తడి బిళ్ళ ఉంది, తోలు పటకాకి తగిలించేదిలా ఉంది, నంబరు 14, గంజాం, మద్రాసు అని ఉంది. ముత్తాతగారు మిలిటరీ అని అంటారు. (ఛత్రపురం నుంచి)

జవాబు: అది డవాలు బంట్రోతు బిళ్ళలా ఉందండీ. కలెక్టరు కచేరీలోనో తాలూకా ఆఫీసులోనో బంట్రోతులు భుజం మీంచి ఏటవాలుగా పటకా వేసుకుని దానికి ఇలాంటి బిళ్ళ తగిలించుకునేవారు. గంజాం, మద్రాసు రెండూ ఒకే బిళ్ళ మీద ఉన్నాయంటే అది 1936కి ముందుదే. మిలిటరీ కాదని చిన్నబుచ్చుకోకండి. నాకైతే ఈ పేజీకి వచ్చిన వస్తువులన్నిటిలోకీ ఇదే నచ్చింది. పతకాలు దాచుకున్న ఇళ్ళు చాలా ఉన్నాయి, బంట్రోతు బిళ్ళని ఇత్తడి లెక్కన అమ్మకుండా నాలుగు తరాలు ఉంచుకున్న ఇల్లు మీది. పటకా తోలు ముక్కేమైనా మిగిలి ఉంటే బిళ్ళ నుంచి విడదీయకండి, రెండూ కలిపి ఒక ఫొటో, బిళ్ళ వెనక వైపు ఒకటి తీసి పంపండి.