పగడాల మీద పరిశోధనా? యూనివర్సిటీ కంటే ముందు గైడును చూసుకోండి

"మాది సముద్రం లేని జిల్లా, ఈత కూడా రాదు. పగడపు దిబ్బల మీద పరిశోధన చేయాలని ఉంది. దాంట్లో కెరీర్ ఉంటుందా?" అని అడిగారు. ఉంటుంది. ఈత నేర్చుకుంటే వస్తుంది. నీళ్ళలోకి దిగకుండా చేసే పని కూడా ఉంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ, ఉపగ్రహాలు కొలిచిన సముద్రపు వేడిని బట్టి పగడాలకు ముప్పు ఉందో లేదో హెచ్చరికలు ఇస్తుంది. అలాంటి పనికి లెక్కలు, ప్రోగ్రామింగ్ బాగా వచ్చినవాళ్ళు కావాలి.

మీరు అడగనిది ఒకటుంది. నా దృష్టిలో అసలు ప్రశ్న అదే. ఏ గైడు దగ్గర, అంటే పీహెచ్‌డీ చేయించే ఏ ప్రొఫెసర్ దగ్గర చేరతారు?

నేను పనిచేసింది మన్నార్ సింధుశాఖలో. రామేశ్వరం, తూత్తుకుడి మధ్య వరసగా దీవులు, వాటి చుట్టూ పగడాలు. మన కోస్తాలో అలాంటి పెద్ద దిబ్బలు లేవు. గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రూ మంచినీళ్ళూ పగడాలకు పడవు. అందుకే నీళ్ళలోకి దిగి చేసే పని కావాలంటే మన పిల్లలు ఇల్లు వదిలి వెళ్ళాల్సిందే.

2016 వేసవిలో రామేశ్వరం దగ్గరున్న మండపం అనే ఊరి నుంచి పడవ మీద వెళ్ళాం. నాతో వచ్చిన అమ్మాయిది అనంతపురం వైపు. ఎమ్మెస్సీలో చేరేదాకా సముద్రం చూడలేదు. ఆ ఏడాది నీళ్ళు స్నానానికి కాచినట్టు వెచ్చగా ఉన్నాయి. కింద జింక కొమ్ముల్లా పెరిగే కొమ్ము పగడాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. మా పద్ధతి ఏమిటంటే, 20 మీటర్ల టేపు పరిచి, దాని కింద ఎక్కడ ఏముందో ప్లాస్టిక్ పలక మీద పెన్సిల్‌తో రాసుకుంటూ పోవాలి. ఆ అమ్మాయి తెల్లగా కనబడ్డ ప్రతిదాన్నీ చచ్చిన పగడం కింద రాసేస్తోంది. నేను పలక లాక్కుని దిద్దలేదు. చెయ్యి పట్టుకుని ఒక గుండ్రటి పగడం దగ్గర ఆపి, చూస్తూ ఉండమని సైగ చేశాను. కాసేపటికి ఆమెకే కనబడింది. తెల్లటి గుల్ల మీద పల్చటి పారదర్శకమైన పొర, దాంట్లో చిన్న చిన్న నోళ్ళు. పగడానికి రంగూ, తిండిలో ఎక్కువ భాగమూ ఇచ్చేది దాని ఒంట్లో ఉండే సూక్ష్మమైన నాచు. వేడికి ఆ నాచు వెళ్ళిపోయింది. పగడం మాత్రం ఆకలితో బతికే ఉంది. నీళ్ళు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది. ఆ అమ్మాయి పలకంతా చెరిపేసి, టేపు మొదటికి ఈదుకుంటూ వెళ్ళి మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. పడవ ఎక్కగానే అడిగిన మొదటి మాట, "మేడమ్, మళ్ళీ ఎప్పుడొద్దాం?"

నీళ్ళు చల్లబడ్డాక వెళ్ళాం. కొమ్ము పగడాల్లో చాలావి చచ్చిపోయాయి, వాటి గుల్లల్ని వేరే రకం నాచు కప్పేసింది. గుండ్రటివాటిలో ఎక్కువ వాటికి రంగు తిరిగొచ్చింది. మొదట రాసిందే ఉంచేసి ఉంటే, చచ్చిన పగడాలు బతికొచ్చాయని మా లెక్క చెప్పేది!

ఇది పుస్తకం చదివితే రాదు. పక్కన ఈదే మనిషి ఉండాలి. గుండుగా పెరిగే పోరైటిస్ పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మనిషెత్తు పగడం వయసు నూట యాభై ఏళ్ళ దరిదాపుల్లో ఉంటుంది. ఎవరి సర్వీసూ అంతకాలం ఉండదు. అదే దీవి, అదే చోటు, అదే పద్ధతి ఒకరి తర్వాత ఒకరికి అందాలి. పిల్లల్ని తయారుచేయడం పరిశోధనలో సగం పని అని నేను అనేది అందుకే. గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో పున్నమి దాటాక కొద్ది రాత్రుల్లోనే రకరకాల పగడాలు కలిసికట్టుగా గుడ్లు, వీర్యం వదులుతాయని 1980ల మొదట్లో కనిపెట్టింది జేమ్స్ కుక్ యూనివర్సిటీలోని కుర్ర పరిశోధకులు. 1984లో అది సైన్స్ పత్రికలో వచ్చింది. రాత్రుళ్ళు నీళ్ళలో కాపలా కాసే ఓపిక ఆ వయసుకే ఉంటుంది.

మన దగ్గర కొందరు గైడులు ఒడ్డు దిగరు, పరిశోధన పేపరు మీద మొదటి పేరు మాత్రం తమదే ఉండాలంటారు. ఇది నాకు ఒళ్ళు మండే విషయం. ఫెలోషిప్పుల సంగతీ అంతే. పీహెచ్‌డీ మొదట్లో ఇచ్చే జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలని ఉత్తర్వులో ఉంటుంది, పిల్లల చేతికి నెలల తరబడి అందదు. పగడాలు 2001 నుంచి వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, చిన్న ముక్క తీయాలన్నా అనుమతి కావాలి. ఆ చట్టం ఉండి తీరాలి. సున్నం కోసం పగడాలు తవ్వేసిన పాపానికి మన్నార్‌లో రెండు దీవులు నీట మునిగాయి. కానీ ఏప్రిల్‌లో చూడాల్సిన దానికి ఆగస్టులో అనుమతి వస్తే ఆ విద్యార్థి థీసిస్ ఏమవ్వాలి?

చేరే చోట్లు చాలానే ఉన్నాయి. అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పటి పేరు శ్రీ విజయపురం) పాండిచ్చేరి యూనివర్సిటీ క్యాంపస్, తమిళనాడులోని పరంగిపేటలో అన్నామలై యూనివర్సిటీ కేంద్రం, దగ్గర్లో కావాలంటే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ. కాలేజీ పేరు చూసి దరఖాస్తు పెట్టకండి. ఆ గైడు దగ్గర పీహెచ్‌డీ ముగించినవాళ్ళకు ఫోన్ చేయండి, మధ్యలో వదిలేసినవాళ్ళకు తప్పకుండా చేయండి. గైడు మీతో నీళ్ళలోకి దిగేవారా, మీకంటే ముందువాళ్ళ పలకలూ నోటుపుస్తకాలూ మీ చేతికిచ్చారా అని అడగండి. రెండింటికీ అవునంటే, యూనివర్సిటీ ర్యాంకు ఎంతైనా సరే వెళ్ళి చేరండి.