హైదరాబాద్‌లో కొత్త స్పోర్ట్ టూరర్ కొంటే మొదటి నెలలు ఎలా ఉంటాయి?

ఇన్నాళ్ళూ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 నడిపి ఇప్పుడు కవాసకి నింజా 1100 ఎస్‌ఎక్స్ అనే స్పోర్ట్ టూరర్, అంటే దూర ప్రయాణాలకు తయారైన వేగమైన పెద్ద బైకు, బుక్ చేశానని రాశారు. ఇల్లు కూకట్‌పల్లి, ఆఫీసు రాయదుర్గం. అంత బరువు ట్రాఫిక్‌లో మోయగలనా, ఎండాకాలం కాళ్ళు కాలతాయా, మొదట్లో ఇంజన్ 4000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దాటొద్దంటే కొత్త బండి సంతోషం ఏం మిగులుతుంది అని మీ అనుమానాలు. నా దగ్గర ఉన్నది దానికి ముందు మోడల్, నింజా 1000 ఎస్‌ఎక్స్. 1043 సీసీ, నాలుగు సిలిండర్లు, 142 పీఎస్. మీది 1099 సీసీ, 136 పీఎస్. బరువు, సీటు ఎత్తు, ట్యాంకు దాదాపు ఒకటే కాబట్టి నా అనుభవం మీకు పనికొస్తుంది.

మొదట ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఈ బండి మంచిదా కాదా అన్నది మొదటి నెలల్లో సిటీ ట్రాఫిక్‌ని బట్టి తేల్చుకోకండి. ఎంత స్పీడు పోయిందన్న దాన్నిబట్టి అసలే వద్దు. పొద్దున్నే ఊరు దాటి మూడు గంటలు నడిపి ఇంటికొచ్చాక మీ మణికట్లు, మెడ, నడుము ఎలా ఉన్నాయో చూడండి. ఈ రకం బండ్లు తయారయ్యేది దానికోసమే. నేను దీనిమీద మనసు పడిందీ అందుకే.

రన్నింగ్-ఇన్, అంటే కొత్త ఇంజన్‌ని మొదట్లో నిదానంగా నడిపి కుదురుకోనివ్వడం, గురించి మీ టెన్షన్ నాకు అర్థమైంది. నా బండి మాన్యువల్ ప్రకారం మొదటి 800 కిలోమీటర్ల దాకా 4000 ఆర్‌పీఎం, అక్కడి నుంచి 1600 దాకా 6000. మీ మాన్యువల్లో ఏ అంకె ఉంటే దాన్నే పాటించండి. కొత్త ఇంజన్లో పిస్టన్ రింగులు సిలిండర్ గోడలకు, గేర్ల పళ్ళు ఒకదానికొకటి ఇంకా కుదురుకుని ఉండవు. కుదురుకునేటప్పుడు సన్నని లోహపు పొడి రాలి ఆయిల్‌లో కలుస్తుంది. 1000 కిలోమీటర్లకే మొదటి సర్వీసు పెట్టి ఆయిల్, ఫిల్టర్ మార్చడానికి కారణం ఇదే. ఆ సర్వీసు వాయిదా వేయకండి. 900 దగ్గరికి రాగానే అపాయింట్‌మెంట్ తీసుకోండి. పెద్ద బండ్ల సర్వీసుకు చెప్పిన రోజే స్లాట్ దొరుకుతుందని నమ్మకం పెట్టుకోలేం.

విసుగు మాటకొస్తే, నాకు ఆ రోజులు విసుగ్గా లేవు. మీ 350 గరిష్ఠంగా ఇచ్చే టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) 27 ఎన్‌ఎం. ఈ ఇంజన్ 3000 దగ్గరే అంతకన్నా చాలా ఎక్కువ ఇస్తుంది. పైగా మన దేశంలో నాలుగు వరుసల హైవేల మీద బైకులకు 2018లో కేంద్రం పెట్టిన పరిమితి 80 కిలోమీటర్లు. టాప్ గేర్‌లో 80 మీద వెళ్తే మీటర్ 4000 కిందే ఉంటుంది. చట్టం ఒప్పుకునే వేగమంతా రన్నింగ్-ఇన్ హద్దులోనే ఉన్నట్టు లెక్క. మరీ తక్కువ ఆర్‌పీఎంలో పెద్ద గేర్ వేసి ఇంజన్‌ని ఈడ్చడం కూడా మంచిది కాదు. ఒకే వేగం పట్టుకుని గంటలు గంటలు పోకూడదు. ఆర్‌పీఎం పైకీ కిందికీ మారుతూ ఉండాలి. కాబట్టి ఒకే వేగాన్ని తనంతట తానే పట్టి ఉంచే క్రూజ్ కంట్రోల్‌ని కొన్నాళ్ళు మరిచిపోండి. తర్వాత కూడా విజయవాడ హైవే మీద దాన్ని ఆన్ చేసి నిశ్చింతగా కూర్చోవచ్చని అనుకోకండి. రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే ట్రాక్టరు, డివైడర్ సందులోంచి దాటే మనిషి ఎప్పుడైనా ఎదురుకావచ్చు.

కొత్తగా కొన్నవాళ్ళు చాలామంది ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద ఒక రౌండ్ వేద్దామనుకుంటారు. 158 కిలోమీటర్ల నున్నని రోడ్డు మరి. టూ వీలర్లకు దానిమీద అనుమతి లేదు. లక్షలు పోసి కొన్న బండైనా సర్వీస్ రోడ్డే గతి. నాకు ఇది ఇప్పటికీ బాధే.

అందుకే మొదటి కిలోమీటర్లకు నేను వరంగల్ హైవే ఎంచుకున్నాను. ఉప్పల్ దాటి, ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి మీదుగా యాదగిరిగుట్ట. తెల్లవారుజామున బయల్దేరితే ఎండ ముదిరేలోపు టిఫిన్ చేసి ఇంటికి వచ్చేయవచ్చు. రోడ్డు వెడల్పు, పెద్ద మలుపుల్లేవు, ఊళ్ళు వచ్చినప్పుడల్లా వేగం తగ్గించి పెంచడం వల్ల ఇంజన్‌కీ మేలు. వికారాబాద్, అనంతగిరి దారి అందమైనదే. చేవెళ్ళ వైపు మర్రిచెట్ల కింద నుంచి పోతుంటే హాయిగా ఉంటుంది. కానీ రెండు వరుసల రోడ్డు మీద ఎదురుగా వచ్చే లారీలు, ఓవర్‌టేక్‌లు ఎక్కువ. బండి చేతికి అలవాటయ్యాకే అటు వెళ్ళండి.

కోతల కాలంలో నల్గొండ వైపు పల్లె రోడ్ల మీద, సర్వీస్ రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు. అంచున రాళ్ళు పెడతారు. వడ్ల మీద టైరు పడితే చక్రం జారకుండా చూసే ఏ ట్రాక్షన్ కంట్రోలూ పూర్తిగా కాపాడలేదు. అక్కడ బ్రేకు వేయడం కాదు, దూరం నుంచే వేగం తగ్గించుకుని ఉండాలి.

టైర్ల గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే దీన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది. నా మాన్యువల్ మొదటి 160 కిలోమీటర్లు జాగ్రత్తగా ఉండమంటుంది: గట్టిగా వంచడం, ఒక్కసారిగా థ్రాటిల్ తిప్పడం, హఠాత్తుగా బ్రేకు వేయడం వద్దు. షోరూమ్ నుంచి ఇంటికి వచ్చేటప్పుడే అసలైన జాగ్రత్త కావాలి. ఆ రోజు ఉత్సాహం ఎక్కువ, టైరుకు పట్టు తక్కువ. గాలి కూడా చూసుకోండి. నా బండికి ముందు 36, వెనక 42 పీఎస్ఐ. బంకులో గాలి పట్టే అబ్బాయి బైకు అనగానే అలవాటు కొద్దీ 30 లోపు కొట్టేస్తాడు. అక్కడి మీటరు మీద నాకు నమ్మకం లేదు. సొంతంగా ఒక ప్రెషర్ గేజ్ కొనుక్కుని, బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకుంటాను. వెనక టైరు 190 సైజు. గాలి తగ్గితే మలుపుల్లో బండి బరువుగా, మొండిగా తిరుగుతుంది. చాలామంది సస్పెన్షన్ బాగాలేదనుకునేది అసలు గాలి సమస్యే కావచ్చు.

ఇక బరువు. ఈ బండి 238 కిలోలు, మీ 350 కూడా 195. తేడా నలభై చిల్లర కిలోలే. కానీ ఇక్కడ సీటు 835 మిల్లీమీటర్లు, మీరు అలవాటు పడింది 805కి. దానికితోడు హ్యాండిల్ తక్కువ తిరుగుతుంది. కదులుతున్నంతసేపూ ఆ బరువు మీకు తెలియదు. ఆగేటప్పుడు, యూ టర్న్ తీసుకునేటప్పుడు తెలుస్తుంది. మన ఊళ్ళో చాలా జంక్షన్లు మూసేసి యూ టర్నులు పెట్టారు కదా. కూకట్‌పల్లిలో మెట్రో పిల్లర్ల పక్కన, వెనక ఆర్టీసీ బస్సు హారన్ కొడుతుంటే, ముందు ఆటో ఆగిపోతే, ఆ మలుపు అసలైన పరీక్ష.

దీనికి ఆదివారం పొద్దున ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు ఖాళీ రోడ్లకు వెళ్ళి సాధన చేయండి. మొదటి గేర్, సగం క్లచ్, వెనక బ్రేకు మీద కొద్దిగా కాలు. చూపు మాత్రం చక్రం ముందు నేల మీద కాదు, మీరు చేరాల్సిన చోటు మీద. తిరిగే మధ్యలో ముందు బ్రేకు పట్టారంటే ఈ బరువు ఒక్కసారిగా పక్కకు పడుతుంది, కాలితో ఆపలేరు. రెండు మూడు వారాలు ఇలా చేస్తే చాలు, భయం పోతుంది. పార్కింగ్ సంగతి కూడా ముందే ఆలోచించండి. ముందు చక్రం పల్లం వైపు పెట్టి ఆపితే వెనక్కి లాగడం ఒక్కరి వల్ల కాదు. బండికి రివర్స్ ఉండదు, నా మోడల్‌కి సెంటర్ స్టాండ్ కూడా లేదు. ఇంటి దగ్గర చైన్ శుభ్రం చేయడానికి వెనక చక్రాన్ని పైకెత్తి ఉంచే ప్యాడాక్ స్టాండ్ తప్పనిసరి. చైన్‌కి సుమారు 600 కిలోమీటర్లకు ఒకసారి లూబ్ పెట్టాలి. వానలో తడిస్తే ఇంకా ముందే.

కాలనీల్లో స్పీడ్ బ్రేకర్లు ఎవరికి తోచినట్టు వాళ్ళు కట్టినవే. నా బండి గ్రౌండ్ క్లియరెన్స్ 135 మిల్లీమీటర్లు. ఒక్కడినే ఉన్నప్పుడు చాలావాటిని నిదానంగా, కొంచెం ఏటవాలుగా దాటిస్తే తగలదు. వెనక మనిషి కూర్చుంటే మాత్రం రియర్ ప్రీలోడ్, అంటే వెనక స్ప్రింగ్ బిగువు, పెంచండి. దానికి పక్కనే నాబ్ ఉంటుంది, చేత్తో తిప్పవచ్చు, స్పానర్ అక్కర్లేదు. మా ఆవిడ ఎక్కినప్పుడల్లా నేను ముందు చేసే పని అదే. తనకు కూడా కుదుపు తగ్గుతుంది.

వేడి గురించి నిజం చెప్పాలి. వెయ్యి సీసీ నాలుగు సిలిండర్ల ఇంజన్ ఏదైనా సరే, ఏప్రిల్, మేలో బయోడైవర్సిటీ సిగ్నల్ దగ్గర వేడి వదులుతుంది. గాలి తగలనప్పుడు రేడియేటర్ ఫ్యాన్ తిరిగి ఆ వేడిని బయటికి నెట్టాలి, నెట్టిన వేడి మీ కాళ్ళ చుట్టూ చేరుతుంది. డిస్‌ప్లేలో కూలెంట్ టెంపరేచర్ 100 దగ్గరికి వెళ్ళి ఫ్యాన్ తిరిగితే బండి పాడైందని గాబరా పడొద్దు, అది దాని పని అది చేస్తోంది. ఫ్యాన్ తిరుగుతున్నా అంకె ఎక్కుతూనే పోయి హెచ్చరిక లైటు వెలిగితే అప్పుడు పక్కకు ఆపాలి. పెద్ద సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపేయడం, మందపాటి రైడింగ్ ప్యాంటు, మడమలు దాటే బూట్లు వేసుకోవడం, ఇవి చాలావరకు సరిపోతాయి. మామూలు జీన్స్ వేసుకుని ఎండాకాలం ఈ దారిన రోజూ ఆఫీసుకు వెళ్తే మాత్రం బండి మీద ప్రేమ తగ్గిపోతుంది.

అందుకే నా సలహా: మీ 350 అమ్మకండి. రాయదుర్గం దాకా దాని మీదే వెళ్ళండి. షోరూమ్ వాళ్ళు ఎక్స్ఛేంజ్‌కు ఇచ్చే మొత్తం ఈ బండి ధర ముందు చిన్నది. ఆ డబ్బు కన్నా పాత బండి మీ కొత్త బండికి చేసే సాయం పెద్దది.

ఖర్చుల మాట త్వరగా ముగిస్తాను. సిటీలో లీటరుకు 13, 14, హైవే మీద నిదానంగా వెళ్తే 18 దాకా నాకు వస్తోంది. ట్యాంకు 19 లీటర్లు. మన దగ్గర పెట్రోలు ధర మీకు తెలిసిందే కాబట్టి లెక్క మీరే వేసుకోండి. కొత్త బైకుకు ఐదేళ్ళ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒకేసారి కట్టాలి. దానిమీద జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల పాతదనానికి కోత వేయని పాలసీ) తప్పక తీసుకోండి, బండి చుట్టూ ఉండే ఫెయిరింగ్ తొడుగు ముక్క ఒక్కటి పగిలినా ధర తెలిశాక ఎందుకన్నానో అర్థమవుతుంది. సైలెన్సర్ మార్చే ఆలోచన ఉంటే మానుకోండి. దూర ప్రయాణంలో ఆ శబ్దం మీ చెవులనే ముందు అలసిపోయేలా చేస్తుంది. ఆ డబ్బుతో రేడియేటర్ గార్డు, బండి పడితే దెబ్బ కాచే ఫ్రేమ్ స్లైడర్లు, మంచి జాకెట్ కొనండి.

మొదటి సర్వీసు అయ్యాక శ్రీశైలం వెళ్ళండి. తుక్కుగూడ, కల్వకుర్తి, డిండి దాటి మన్ననూరు చెక్‌పోస్ట్ దగ్గర అమ్రాబాద్ అడవిలోకి ప్రవేశిస్తారు. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేట్లు మూసేస్తారు కాబట్టి మరీ చీకట్లో బయల్దేరినా లాభం లేదు. అడవిలో వేగం వద్దు. కోతులు రోడ్డు మీదే కూర్చుంటాయి, కార్లవాళ్ళు తిండి విసిరిన చోటల్లా గుంపులు. దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగే ఘాట్‌లో మూడో గేర్ వేసి, థ్రాటిల్‌ని మెల్లగా ఆడిస్తూ నలభై, యాభై మీద మలుపు తర్వాత మలుపు తిప్పుతుంటే ఈ బండి గొప్పతనం తెలుస్తుంది. అంత బరువు ఎక్కడికి పోయిందో అనిపిస్తుంది. గాలిని ఆపే ముందు విండ్‌స్క్రీన్‌ని నాలుగు స్థాయిల్లో పెట్టుకోవచ్చు. కల్వకుర్తి దాకా తెరిపి రోడ్డు మీద పైకి, ఘాట్‌లో కిందికి పెట్టుకుంటే బాగుంటుంది. బండి ఆపాకే సర్దాలి. ఇక్కడ నేను వంద కూడా దాటలేదు, దాటాలనీ అనిపించలేదు.

డెలివరీ ఏ నెలలో వస్తుందో మీరు రాయలేదు. జూన్, సెప్టెంబర్ మధ్య అయితే కొత్త టైర్లు, తడి రోడ్లు రెండూ కలుస్తాయి కాబట్టి మొదటి రెండు వందల కిలోమీటర్లు రెయిన్ మోడ్‌లోనే నడపండి. అందులో పవర్ తగ్గి వస్తుంది, ట్రాక్షన్ కంట్రోల్ ముందుగానే కలగజేసుకుంటుంది. ఎండాకాలం అయితే రిజిస్ట్రేషన్ అయ్యేలోపు రైడింగ్ ప్యాంటు, బూట్లు కొని ఉంచుకోండి. మీ ఎత్తు చెబితే సీటు గురించి, నేలకు కాలు ఆనడం గురించి ఇంకా వివరంగా రాస్తాను.