బర్గర్ షాపుకు మొదటిసారి పోతున్న అల్లుడికి

అల్లుడూ,

శనివారం అమ్మమ్మకు కళ్లు చూపించాక ఎల్బీ నగర్‌లో అందరికీ బర్గర్లు తినిపిస్తానన్నావని అక్క ఫోన్ చేసి చెప్పింది. అక్కడ ఏం అడగాలో ఎట్లా అడగాలో తెలియక నువ్వే టెన్షన్ పడుతున్నావని కూడా చెప్పిందిలే. ఆ షాపుల్లో పోయేది పరువు కాదురా, డబ్బులు, అవీ కౌంటర్ ముందు నిలబడ్డ ఆ ఒక్క నిమిషంలోనే పోతాయి. మా పెద్దోడు డిగ్రీ చదివేటప్పుడు సాయంత్రాలు అట్లాంటి కౌంటర్‌లోనే పనిచేశాడు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

లోపలికి పోగానే లైన్‌లో నిలబడకు. ముందు అమ్మమ్మను ఏసీ గాలి నేరుగా కొట్టని చోట మామూలు కుర్చీలో కూర్చోబెట్టు, ఆ ఎత్తు స్టూళ్ల జోలికి పోవద్దు. వెయిటర్ వస్తాడని ఎదురుచూడకు, రాడు. పైన వెలుగుతున్న బోర్డు చూసి ఎవరికేం కావాలో అడిగి ఫోన్‌లో రాసుకొని అప్పుడు పో. ఎందుకంటే కౌంటర్‌లో పిల్లలు "మీల్ చేయమంటారా సార్, లార్జ్ చేయమంటారా, చీజ్ వేయమంటారా" అని గుక్క తిప్పుకోకుండా అడుగుతారు. అడగడం వాళ్ల డ్యూటీ, అడగకపోతే మేనేజర్ ఊరుకోడు. వెనక మనుషులున్నారని మొహమాటపడి అన్నిటికీ తలూపావా, బిల్లు ఎక్కడికో పోతుంది. "వద్దు, ఇంతే" అను, వాళ్లేమీ అనుకోరు. ఫోన్ నంబర్ అడిగితే అదీ ఇవ్వాల్సిన పనిలేదు. టచ్ స్క్రీన్ ఉంటే ఇంకా నయం, తీరిగ్గా చూసుకోవచ్చు, కాకపోతే డబ్బులు కట్టే ముందు అది కూడా ఇంకేదో అంటగట్టాలని చూస్తుంది. బిల్లులో 5 శాతం జీఎస్టీ ఉంటుంది, దానికి కంగారుపడకు. మీల్ అంటే బర్గర్, ఫ్రైస్, కూల్‌డ్రింక్ కలిపి. ముగ్గురికీ మూడు మీల్స్ ఎందుకు, ఒక పెద్ద ఫ్రైస్ తీసుకుంటే అందరూ తినొచ్చు. కూల్‌డ్రింక్‌లో ఐస్ తక్కువ వేయమను, లేకపోతే సగం కప్పు ఐసే.

అక్కకు ఇంకో అనుమానం ఉంది, ఏ మాంసం పెడతారో అని. మెక్‌డొనాల్డ్స్ 1996లో ఢిల్లీలో మన దేశపు మొదటి షాపు తెరిచినప్పుడే గొడ్డు మాంసం, పంది మాంసం లేకుండా మెనూ పెట్టింది, 2014లో వచ్చిన బర్గర్ కింగ్ కూడా గొడ్డు మాంసం జోలికి పోలేదు. ఆలూ టిక్కీ బర్గర్ అట్లా మన కోసం పుట్టిందే. అమ్మమ్మ శనివారం నీసు ముట్టదు కదా, ఆమెకు అదే చెప్పు. మర్చిపోకుండా లోపల వేసే మయొనైజ్‌లో గుడ్డు ఉందా అని ఒక్కమాట అడుగు. పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్‌ను మన రాష్ట్రంలో 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాది పాటు నిషేధించారు, కానీ ఆమెకు ఉడికిన గుడ్డయినా గుడ్డే.

బీపీ ఉన్న మనిషి కాబట్టి ఫ్రైస్ ఉప్పు లేకుండా ఇమ్మను. అప్పటికప్పుడు కొత్తగా వేయించాల్సి వస్తుంది, కాస్త ఆలస్యమైనా వేడివేడిగా వస్తాయి. బోర్డు మీద ప్రతి ఐటెం పక్కన కేలరీల అంకె కూడా కనిపిస్తుంది చూడు. పది, అంతకన్నా ఎక్కువ చోట్ల షాపులున్న హోటళ్లు అది రాయాలని 2022 జులై నుంచి రూలు. అక్కకు షుగరు, ఆ అంకె చూశాక కూల్‌డ్రింక్ తనే వద్దంటుంది.

బిల్లు మీది నంబర్ స్క్రీన్ మీద కనబడగానే ట్రే నువ్వే తెచ్చుకోవాలి. ముందు ఫ్రైస్ తినండి, చల్లారితే మెత్తబడి తోలులాగా సాగుతాయి. బర్గర్ కాగితం మొత్తం విప్పకు, పైసగం మడిచి కిందిసగం అట్లాగే ఉంచి రెండు చేతులా పట్టుకో. సాస్ ఎప్పుడూ నువ్వు కొరికిన వైపు కాకుండా వెనక వైపు నుంచే కారుతుంది, ఆ కాగితం లేకపోతే నేరుగా చొక్కా మీదికే. అమ్మమ్మ నోరు అంత పెద్దగా తెరవలేదు, ఆమెది విప్పి ప్లేటు మాదిరి పరిచిన కాగితం మీద ముక్కలు చేసి పెట్టు. చేత్తో తింటే ఎవరన్నా చూస్తారేమో అనుకోకు, అక్కడ అందరూ చేత్తోనే తింటారు. అయ్యాక ట్రేలోని చెత్త డబ్బాలో వేసి ట్రే పైన పెట్టు.

ఒకటి మాత్రం నిజం, ఒక్క బర్గర్ అమ్మమ్మకు భోజనం కిందికి రాదు. నల్లగొండ బస్సు ఎక్కిన కాసేపటికే ఆకలి అంటుంది. పెరుగన్నం డబ్బా అక్కతో పెట్టించుకొని పో, షాపులో బయటి తిండి తిననివ్వరు కాబట్టి బస్సులోనే తీయండి.

మీ మామ